కోకో నీడలో

నిన్న ఏలూరు దగ్గర మావయ్య కొబ్బరి తోటకి వెళ్లాను. కొబ్బరి చెట్ల మధ్య కోకో, అదే చాక్లెట్ చేసే గింజల చెట్లు. కాయ పగలగొట్టి ఇచ్చారు. తెల్లటి గుజ్జు, పుల్లపుల్లగా తియ్యగా భలే ఉంది. చాక్లెట్ రుచి వస్తుందని గింజ కొరికాను, ఒకటే చేదు! కాళ్ల కింద రాలిన ఆకులు పరుపులా మెత్తగా ఉన్నాయి. సగం కాయలకి ఉడతలు కొట్టిన చిల్లులే.

ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో 1960 నుంచి 80 శాతానికి పైగా అడవి పోయింది, అందులో పెద్ద పాపం కోకోదే. ఇక్కడ మాత్రం కోకో కోసం చెట్టు కొట్టలేదు, ఉన్న నీడలోనే పెట్టారు.

"అయితే ఇదీ అడవిలాంటిదే కదా మావయ్యా?" అన్నాను.

పగలబడి నవ్వారు. "రెండు రకాల చెట్లుంటే అడవి అయిపోద్దేంట్రా? ఆ ఉడతల్ని తోలు ముందు."