ముప్పై రోజుల లోపు

మా పాప 31 వారాలకే పుట్టింది. శ్రీమంతానికి కొన్న చీర అప్పటికి మడత కూడా విప్పలేదు. బీపీ పెరిగి, మొహం, కాళ్లు వాచిపోయి, కళ్ల ముందు మిణుకు మిణుకుమంటుంటే ఆస్పత్రికి పోయాం. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. బరువు 1,480 గ్రాములు.

ఆ తర్వాత పదిహేను నెలల్లో మాకు దారి చూపించినవాళ్ల గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి ఎవరైనా చదివితే, ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది. నాకు అప్పుడు అది తెలియదు.

పాపను నేరుగా పసిపిల్లల ప్రత్యేక వార్డుకు తీసుకుపోయారు. నేను చూసింది రెండో రోజు, చక్రాల కుర్చీలో కూర్చొని. నా పిడికిలికన్నా కాస్త పెద్ద తల, ముక్కులో సన్నటి గొట్టం, ఒంటి మీద వైర్లు. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. ముట్టుకుంటే ఏమవుతుందోనని చేయి వెనక్కి తీసుకున్నాను. అక్కడున్న సిస్టర్ చూసింది. "చేతులు కడుక్కొని వచ్చి ముట్టుకో అమ్మా. ఇన్ని రోజులు నీ కడుపులోనే ఉంది, నువ్వు ఎవరో తెలుసు దానికి" అంది. పాదం మీద వేలు పెట్టాను. కాలు చటుక్కున ముడుచుకుంది. అప్పటిదాకా ఏడవని నేను అప్పుడు ఏడ్చాను.

మొదటి పని పాలు. ఇంత చిన్న బిడ్డలు చీకలేరు, చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిసి చేయడం సుమారు 34 వారాలకు గానీ రాదని డాక్టరమ్మ చెప్పారు. అందాకా నేను పిండి ఇస్తే గొట్టం ద్వారా పొట్టలోకి పోస్తారు. మొదటిరోజు అరగంట కష్టపడితే గిన్నె అడుగున పసుపుపచ్చగా 2 మిల్లీలీటర్లు వచ్చింది. పారబోస్తారేమో అనుకున్నాను. సిస్టర్ దాన్ని సిరంజిలోకి తీసి, "ఈ ముర్రుపాలే ఇప్పుడు దీనికి మందు" అంది. రాత్రి కూడా మూడు గంటలకోసారి అలారం పెట్టుకొని లేచేదాన్ని. రెండో వారానికి గిన్నె సగం నిండేది.

బరువు మాత్రం తగ్గింది. ఐదో రోజుకు 1,340. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. మొదటి వారంలో ఇలాంటి బిడ్డలు కొంత తగ్గడం మామూలేనని, రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు వస్తే చాలని డాక్టరమ్మ కాగితం మీద గీత గీసి చూపించారు. సరిగ్గా పద్నాలుగో రోజు 1,480 వచ్చింది. రోజూ తూకం చూడటానికి వెళ్లి, ఆ అంకెలు ఆగేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

తొమ్మిదో రోజున కంగారూ పద్ధతి మొదలుపెట్టారు. డైపర్, టోపీ, సాక్స్ మాత్రమే ఉంచి, పాపను నా రొమ్ముల మధ్య నిలువుగా, కప్పపిల్లలా కాళ్లు ముడిచి పెట్టి, తల ఒక పక్కకు తిప్పి, మెత్తటి గుడ్డతో ఇద్దరినీ కలిపి కట్టారు. కనీసం గంటసేపు కదలకుండా కూర్చోవాలి. పావుగంట గడిచేసరికి మానిటర్ మీద దాని గుండె వేగం నిదానించింది. నా ఒంటి వేడే దానికి పొయ్యి అన్నమాట. తర్వాత తెలుసుకున్నాను, ఈ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టారట, ఇంక్యుబేటర్లు చాలక. ఇప్పుడు ఇంక్యుబేటర్లు ఉన్నచోట కూడా ఇదే చేయమంటున్నారు. పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. నేను తొమ్మిది రోజులు ఆగాల్సి వచ్చింది, అది ఇప్పటికీ బాధగానే ఉంది.

మా ఆయనకు కూడా సిస్టర్ నేర్పింది. ఎలక్ట్రీషియన్ పని చేసి వచ్చి, స్నానం చేసి, చొక్కా గుండీలు విప్పుకొని కూర్చునేవాడు. అంతకుముందు వార్డు బయట గోడకు ఆనుకొని నిలబడటమే తప్ప ఆయనకు చేసే పని ఏదీ లేదు. పాపను గుండె మీద పెట్టుకున్న మొదటి రోజు, గంట అయ్యాక కూడా ఇవ్వనన్నాడు.

ఇరవై ఆరో రోజు, 1,720 గ్రాముల బరువుతో ఇంటికి పంపించారు. చేతికి రెండు పేజీల కాగితం ఇచ్చారు, అంతా ఇంగ్లిషు. ఐరన్ చుక్కలు, విటమిన్ డి చుక్కలు ఎలా వేయాలో చెప్పారు. పాలు ఉగ్గుగిన్నెతో ఎలా పట్టాలో, రొమ్ము ఎలా అందించాలో చూపించారు. రెండో పేజీ చివర పొట్టి అక్షరాల్లో ఒక ముక్క రాసి ఉంది. దాని గురించి ఎవరూ నోటితో చెప్పలేదు. ఆ పూట వార్డులో ఇంకో బిడ్డ పరిస్థితి బాగాలేక అందరూ అటే పరుగెత్తుతున్నారు. వాళ్ల కష్టం నేను కళ్లారా చూశాను. అయినా ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే ఆశక్క, అంటే మా ఊరి ఆశా కార్యకర్త, వచ్చింది. బరువు తూచే సంచీ, థర్మామీటరు, గడియారం బ్యాగులోంచి తీసి చాప మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. పాప ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టింది. తర్వాత, "ఆస్పత్రి కాగితం తే బిడ్డా" అంది. ఆమె చదివింది పదో తరగతి. ఆ పొట్టి అక్షరాల దగ్గర వేలు ఆగింది.

"కండ్ల పరీక్ష రాసిండ్రు. చేయించినవా?"

లేదన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇయ్యాల ఇరవై ఏడు. ముప్పై రోజుల లోపట కావాలె. ఎల్లుండి పోవాలె మనం."

మనం అంది. అక్కడే కూర్చొని ఉపకేంద్రం నర్సు, అంటే ఏఎన్ఎంకు ఫోన్ చేసింది. ఏఎన్ఎం, బడిపిల్లలను, అంగన్‌వాడీ పిల్లలను చూడటానికి ఊళ్లు తిరిగే ఆర్‌బీఎస్‌కే డాక్టరుకు చేసింది. ఏ ఆస్పత్రిలో, ఏ రోజు, ఎన్ని గంటలకు కంటి డాక్టరు ఉంటారో అరగంటలో తెలిసిపోయింది. ఆర్‌బీఎస్‌కే అంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. 2013లో మొదలైంది, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకు. అలాంటిది ఒకటి ఉందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

ఇరవై తొమ్మిదో రోజు పాపను నా గుండెకు కట్టుకొని, పైన శాలువా కప్పుకొని ఆటోలో పోయాం. కంట్లో చుక్కలు పది పదిహేను నిమిషాలకోసారి వేశారు. ఆ తర్వాత రెప్పలు తెరిచి ఉంచే చిన్న తీగ లాంటి పరికరం పెట్టి లోపలికి చూశారు. పాప గుక్కపట్టింది. నేను బయటికి వచ్చేశాను, ఆశక్క లోపలే ఉండి పాప చేతులు పట్టుకుంది.

కంటి డాక్టరు గారు తొందరపడకుండా చెప్పారు. కంటి వెనక పొరకు రక్తనాళాలు కడుపులో ఉన్న చివరి నెలల్లోనే పూర్తిగా అల్లుకుంటాయి. ముందే పుడితే ఆ అల్లిక సగంలో ఉంటుంది. బయటికి వచ్చాక కొందరిలో అది దారి తప్పి, పిచ్చి నాళాలు పుట్టి, పొరను లాగేస్తాయి. అలా లాగిందంటే చూపు పోతుంది, మళ్లీ తేవడం చాలా కష్టం. ముందే పట్టుకుంటే లేజర్‌తో ఆపొచ్చు. బయటి నుంచి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది, తల్లికి తెలిసే దారే లేదు. మన దేశంలో 34 వారాల కంటే ముందు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ ఉన్నా, నెల రోజుల్లోపు ఈ పరీక్ష చేయించాలి. ఇంకా ముందుగా, మరీ చిన్నగా పుట్టినవాళ్లకు రెండు మూడు వారాలకే.

మా పాపకు ఎడమ కంట్లో ఈ జబ్బు రెండో దశలో ఉంది. లేజర్ వద్దు, వారానికోసారి రమ్మన్నారు. ఐదుసార్లు తిరిగాం. ఐదోసారి "నాళాలు చివరిదాకా వచ్చేశాయి" అన్నారు. మా పక్కన కూర్చున్న ఒకామె బిడ్డకు రెండు రోజుల్లో లేజర్ చేయాలని రాశారు. ఆమె చేతిలో కూడా మాలాంటి కాగితమే ఉంది. నెలన్నరకు తీసుకొచ్చిందట. ఆ బిడ్డకు ఎలా ఉందో నాకు తెలియదు, తరచూ గుర్తొస్తుంది.

ఇంట్లో అత్తమ్మతో కొంత ఇబ్బంది వచ్చింది. నలుగు పెట్టి నీళ్లు పోయాలని, సాంబ్రాణి పొగ వేయాలని ఆమె. ఆస్పత్రివాళ్లు వద్దన్నారని నేను. మాటా మాటా పెరిగేది. ఆశక్క ఒక్కసారి కూడా అత్తమ్మను తప్పుపట్టలేదు. "వెచ్చగ ఉండాలెననే కద అవ్వా నీ బాధ? పొగ ఈ పిల్ల ఊపిరికి పడది. నీ గుండె మీద పండవెట్టుకో, గంతకంటే వెచ్చదనం ఏముంటది" అంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం రెండు గంటలు పాప అత్తమ్మ గుండె మీదే. నేను అప్పుడు నిద్రపోయేదాన్ని. వచ్చిన ప్రతిసారీ ఆశక్క పాపను చూడకముందు నన్ను అడిగేది, "తిన్నవా? పండినవా?" అని. ఆ రోజుల్లో ఊరికే ఏడుపొచ్చేది. ఆ మాట ఒకరు అడగటం ఎంత బలమో అనుభవిస్తే తెలుస్తుంది.

నాలుగో నెలలో అంగన్‌వాడీ టీచరు బరువు తూచి కార్డులో చుక్క పెట్టింది. 4.2 కిలోలు. చుక్క నారింజ రంగులో పడింది, అంటే తీవ్రమైన తక్కువ బరువు. టీచరమ్మ మొహం చూసి నా కాళ్లు వణికాయి. ఆర్‌బీఎస్‌కే డాక్టరు వచ్చినప్పుడు చూపించాం. ఆయన ఒక్కటే అడిగారు, ఎన్ని వారాలకు పుట్టిందని. తొమ్మిది వారాలు ముందు పుట్టింది కాబట్టి రెండు నెలలు తీసేసి చూడాలన్నారు. రెండు నెలల గడిలో అదే 4.2 పెడితే చుక్క ఆకుపచ్చలోకి వచ్చింది. రెండేళ్లు వచ్చేదాకా బరువు, ఎదుగుదల ఇలా సరిచేసిన వయసుతోనే చూడాలి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే, ఆలస్యం చేయొద్దు. టీచరమ్మ ఆ మాట తన రిజిస్టర్ అట్ట లోపల రాసుకుంది.

ఆరు నెలలకు, అంటే సరిచేసిన లెక్కలో నాలుగు నెలలకు, మెడ నిలపలేదు. బొటనవేళ్లు పిడికిలి లోపలే ఉంటున్నాయి. "మా పిల్లలు కూడా లేటే" అని చుట్టాలు చెప్పారు. ఆగుదామని నాకూ అనిపించింది. ఆర్‌బీఎస్‌కే డాక్టరు గారు జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి రాసిచ్చారు. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, చెవి పరీక్ష చేసేవాళ్లు ఒకేచోట ఉంటారు. చెవులు బాగున్నాయని అక్కడే తేలింది.

ఫిజియోథెరపీ మేడం పాపకు నేర్పినదానికంటే నాకు నేర్పిందే ఎక్కువ. టవల్ చుట్టి ఛాతీ కింద పెట్టి బోర్లా పడుకోబెట్టడం, ముందు గిలక్కాయ ఊపుతూ తల ఎత్తించడం, పాలిచ్చేటప్పుడు బొటనవేలిని మెల్లగా బయటికి తీయడం, చంకనెత్తుకుంటే కాళ్లు రెండు పక్కలా ఉండేట్టు చూసుకోవడం. వాకర్ కొనొద్దని గట్టిగా చెప్పింది. "నా దగ్గర ఉండేది వారంలో రెండు గంటలు. మిగతాదంతా నీ దగ్గరే" అంది. బస్సులో పోయి రావడానికి పూటంతా పట్టేది. కొన్నిసార్లు మా ఆయన పని మానుకోవాల్సి వచ్చింది. అలా తిరగడం మొదలుపెట్టిన మూడో నెలలో ఒకరోజు గిలక్కాయ లేకుండానే పాప తల ఎత్తి, అటు ఇటు తిప్పి, గుమ్మంలో ఉన్న అత్తమ్మను చూసింది.

పదకొండో నెలలో దోగాడింది. పదిహేను నెలలకు ఆశక్క ఇంటికి వచ్చినప్పుడు మంచం కోడు పట్టుకొని నిలబడి ఉంది. ఆ వయసుకు ఆమె లెక్కలో ఇంటికి వచ్చే చివరి విడత అదే. ఫారం నింపి, సంతకం పెట్టించుకుంది. వెళ్తూ వెళ్తూ గోడ మీద కాగితం చూసింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మెల్లకన్ను, చూపు దోషాలు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి కళ్లు మళ్లీ చూపించాలని కంటి డాక్టరు చెప్పారు. ఆ తేదీ నేను పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాసి అతికించాను. వచ్చే గురువారం.

"నేను కూడ వస్త" అంది ఆశక్క.