పొలుసుల కాళ్లు, ఆదిలాబాద్ చలి

చిన్నప్పటి సంది నా పిక్కలు చేప పొలుసుల లెక్కనే ఉంటయి. మా ఆదిలాబాద్ చలి తెలుసు కదా, డిసెంబర్ల రాత్రిపూట 10 డిగ్రీల కిందికి పడిపోతది, ఆ నెలల్ల ప్యాంటు విప్పితే తెల్ల పొట్టు రాలేది, గోకితే తెల్ల గీతలు, మడమలు పగిలి రక్తం కారేది. బాపు కాళ్లు కూడా ఇట్లనే ఉంటయి కాబట్టి ఇంట్ల ఎవ్వలూ దీన్ని రోగం అనుకోలే, "మురికి పట్టింది, గట్టిగ రుద్దు బిడ్డా" అనేటోళ్లు, పీచుతోని రుద్దితే ఆ పూటకి నున్నగయ్యేది, పొద్దుగూకేసరికి మంట.

స్కిన్ డాక్టర్ మేడం నా అరచెయ్యి తిప్పి గీతలు చూసింది, లోతుగ ఉన్నయి, మోకాలి వెనుక మడత చూసింది, అక్కడ మాత్రం చర్మం మంచిగనే ఉంది. ఇది ఇక్థియోసిస్ వల్గారిస్ అనే పొలుసుల చర్మరోగం అని చెప్పింది. ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తయారుచేసే జీన్ల తేడా ఉంటే వస్తది, ఆ సంగతి 2006ల బయటపడ్డది. ఆ ప్రొటీన్ తక్కువుంటే చర్మంల నీళ్లు నిలవయి. వంశంల వచ్చేదే గని అంటుకునేది కాదు అన్నది, ఆ మాటకి నాకు ఏడుపాగలే, స్కూల్ల ఎంతమంది నా పక్కన కూసోనీకి జంకిన్రో నాకు ఎరుక. పెద్దయినంక కొత్తగ చర్మం పొడిబారుడు మొదలైతే మాత్రం థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించుకోవాలె.

ఇది పూర్తిగ పోదు, కానీ అదుపుల ఉంటది. మరుగుతున్న నీళ్లు బంద్, గోరువెచ్చటియే, స్నానం కూడా తొందరగ ముగించాలె, సబ్బు చంకలకి, గజ్జలకి, పాదాలకే, మిగిలిన కాళ్లకి చేతులకి ఉత్త నీళ్లే. టవల్‌తోని అద్దుకోని, తడి ఆరకముందే 10 శాతం యూరియా ఉన్న క్రీం, రాత్రి దాని మీద వ్యాజిలిన్. యూరియా చర్మంల నీళ్లని పట్టి ఉంచుతది, పొలుసుని మెత్తగ చేస్తది, వ్యాజిలిన్ ఆ నీళ్లు ఆవిరి కాకుండ ఆపుతది, అందుకే రెండూ కావాలె. పగుళ్ల మీద యూరియా పెడితే మంట లేస్తది, మానేదాక అక్కడ ఉత్త వ్యాజిలినే. క్రీంకి పైసలు లేని నెల కొబ్బరినూనె రాసుకున్న, అది కూడా తడి మీద రాస్తేనే నాకు పనిచేసింది. మెడికల్ షాపుల దురదకని ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబులు డాక్టర్ చెప్పకుండ పెట్టకుర్రి, రోజుల తరబడి రాస్తే చర్మం పల్చబడతది.

పోయిన చలికాలం నా మడమలు పగలలే. ఇప్పుడు బాపుకి కూడా నేనే రాస్తున్న, ఆయనకి చుట్ట అలవాటు, వ్యాజిలిన్ ఇంకిన బట్టకి నిప్పు జల్ది అంటుకుంటది, ఉతికినా ఆ జిడ్డు పూర్తిగ పోదు, అందుకే రాత్రి రాసినంక చుట్ట దగ్గరికి, పొయ్యి దగ్గరికి పోనిస్తలేను.