టీవీ ముందు తలంబ్రాలు

2020 ఏప్రిల్ 2, శ్రీరామనవమి. భద్రాచలంలో ఏటా మిథిలా స్టేడియంలో జనం మధ్య జరిగే సీతారాముల కల్యాణం, లాక్‌డౌన్ వల్ల ఆ ఏడు భక్తులు లేకుండా గుడిలోనే జరిగింది. మాకు టీవీయే దిక్కు.

అత్తయ్య పొద్దున్నే టీవీ ముందు ముగ్గేసింది. "పెళ్లికి నైటీతో వస్తావా?" అని నాచేత పట్టుచీర కట్టించింది. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి యాడ్ వచ్చింది! ఆవిడ తిట్లు ఇక్కడ రాయలేను. మాంగల్యధారణ కాగానే, ఇంట్లో కలిపిన తలంబ్రాలు తెర మీదే చల్లింది. స్పీకర్ సందుల్లో బియ్యం ఇరుక్కుంటాయని మావారికి ఒకటే టెన్షన్. పానకం గ్లాసులు పిట్టగోడ మీద పెట్టి పక్కింటివాళ్లను కేకేశాం.

భద్రాచలం సీతమ్మకు మూడు సూత్రాలు, అందులో ఒకటి రామదాసు చేయించింది. స్టేడియంలో ఎండలో తోసుకుంటూ చూసినప్పటికన్నా అవి టీవీలోనే నాకు బాగా కనిపించాయి. అత్తయ్య ఒప్పుకోదు. "రాముడు నన్ను చూడలేదుగా" అంటుంది.