వేట నిషేధంలో నార్వే: నాయన్ని ఆర్కిటిక్ తీరానికి తీసుకెళ్ళే ప్లాన్

నాయన్ని, అమ్మని నార్వే తీసుకెళ్దామని ప్లాన్ చేస్తున్నా. ఓస్లో చూడ్డానికి కాదు, ఆర్కిటిక్ వలయం దాటాక పైనుండే తీరం, లోఫోటెన్ దీవుల దగ్గర్నుంచి నార్త్ కేప్ దాకా. మాది కొత్తపట్నం పక్కన ఊరు, నాయనకి బోటుంది, ఊహ తెలిసినప్పట్నుంచి సముద్రమే ఆయన బతుకు, అట్టాంటి మనిషికి టవర్లూ మ్యూజియంలూ చూపించే కంటే చేపని నమ్ముకుని బతికే ఇంకో తీరాన్ని చూపించాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. చిక్కేందంటే ఆయనకి తీరిక దొరికేది ఏడాదిలో ఒక్కసారే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే 61 రోజులు. అందులోనూ మొదట్లో ఇంజన్ పని, బోటుకి రంగులు, వలలు బాగుచేసుకోడం ఉంటాయి కాబట్టి మే సగం అయ్యేదాకా ఆయన కదలడు. సరే, ఆ టైముకి అక్కడ ఏముంటదో చూద్దామని కూర్చుంటే అర్థమైంది, తీరం ఒకటే గానీ నాలుగు నెలలు తేడా వస్తే పూర్తిగా వేరే ఊరికి పోయినట్టే.

అందరూ అడిగేది అరోరా గురించే, అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు. అది సెప్టెంబర్ నుంచి మార్చి చివరి దాకానే, ఏప్రిల్ సగం దాటితే ఆకాశం చీకటి పడదు కాబట్టి పైన వెలుగులు ఆడుతున్నా మనకి కనపడవు. డిసెంబర్‌లో పోతే ఎక్కువ కనపడుద్ది అనుకుంటారు గానీ తీరం వెంబడి మబ్బులెక్కువ, అందుకని ఒక్క రాత్రి చూసి వచ్చేద్దామంటే కుదరదు, నాలుగైదు రాత్రులన్నా చేతిలో పెట్టుకోవాలి. ఉత్తరాన ఉండే ట్రోమ్సో పట్నంలో నవంబర్ చివర్నుంచి జనవరి సగం దాకా సూర్యుడు అసలు పైకి రాడు. అట్టాగని రోజంతా చిమ్మచీకటి కాదు, మధ్యాహ్నం కొన్ని గంటలు నీలం వెలుగు ఉంటది. ఆ రోజుల్లోనే హెర్రింగ్ గుంపులు (మన కవళ్ళ కుటుంబం చేపే) ఫ్యోర్డుల్లోకి (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) వస్తాయి, వాటి వెనకాల ఓర్కాలు (కిల్లర్ వేల్స్), హంప్‌బ్యాక్ తిమింగలాలు ట్రోమ్సోకి పైనున్న షెర్వోయ్ వైపు చేరతాయి. తిమింగలాలే కావాలనుకుంటే నవంబర్, డిసెంబర్ నెలలే.

నన్నడిగితే మార్చి. మంచు ఉంటది, పగలు కూడా బారెడు ఉంటది, రాత్రి అరోరా ఉంటది, అన్నిటికంటే ముఖ్యం కాడ్ చేపల వేట జోరుగా ఉంటది. బారెంట్స్ సముద్రం నుంచి పెద్ద కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి వందల కిలోమీటర్లు ఈదుకుంటా లోఫోటెన్‌కి వస్తాయి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. వాటిని అక్కడ స్క్రై అంటారు. అంత పైన ఉన్నా సముద్రం గడ్డకట్టదు, అట్లాంటిక్ నుంచి వచ్చే గోరువెచ్చటి ప్రవాహం వల్ల రేవులన్నీ చలికాలమంతా తెరిచే ఉంటాయి. ఇది చెప్తే నాయన నమ్మలా, "అంత చలిలో నీళ్ళు గడ్డకట్టకుండా ఎట్టా ఉంటాయి పాపా" అని వీడియో చూపించేదాకా అడుగుతానే ఉన్నాడు.

ఆ చేపని ఎండబెట్టే పద్ధతి చూసి అమ్మ మాత్రం ఫోన్ చేతిలోంచి దించలా. మా ఇంటి దగ్గర నెత్తళ్ళు ఎండేస్తే ఇసక మీద పల్చగా పరిచి, ఎండెక్కేలోపు ఒకసారి, పొద్దు వాలేలోపు ఒకసారి తిరగెయ్యాలి, పెద్ద చేపయితే చీల్చి ఉప్పు దట్టించాలి, మబ్బు పట్టిందంటే అందరూ పరుగే. అక్కడ ఉప్పు చిటికెడు కూడా వెయ్యరు. తల తీసి, పొట్ట శుభ్రం చేసి, రెండేసి చేపల్ని తోకల దగ్గర తాడుతో జతకట్టి, సముద్రం ఒడ్డున మనిషి ఎత్తు దాటిన కర్రల పందిళ్ళ మీద తలకిందులుగా వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా అట్టానే గాలికి. ఆ నెలల్లో చలి సున్నా డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటది, మరీ చలైతే చేప గడ్డకట్టి కండ పాడైపోద్ది, వేడెక్కితే ఈగలు ముసురుతాయి, ఈ రెండూ లేని చోటు కాబట్టే వెయ్యేళ్ళకి పైగా ఆ ఎండు చేపతోనే అక్కడ వ్యాపారం నడిచింది. మంచి రకం ఎక్కువగా ఇటలీకి పోతది, ఎండిన తలకాయలేమో నైజీరియాకి, అక్కడ పులుసుల్లో వేసుకుంటారంట. తలకాయ పారెయ్యరని విన్నాక అమ్మకి వాళ్ళ మీద గౌరవం వచ్చేసింది.

మార్చిలో నాయన రాలేడు కాబట్టి మా ప్లాన్ మే సగం నుంచి. అరోరా వదులుకోవాల్సిందే, దానికి నాకు బాధేం లేదు. పందిళ్ళ మీద చేప మే నెలలో ఇంకా ఉంటది, జూన్‌లోకి వచ్చేసరికి దించేసి గోడౌన్లలో పెట్టేస్తారు, కాబట్టి లోఫోటెన్ ముందు, ఉత్తరం తర్వాత. ఈ వరస మారిస్తే నాకు కావాల్సింది పోతుంది. మే 17 వాళ్ళ రాజ్యాంగ దినం, 1814లో రాసుకున్నది, ఊరూరా పిల్లల ఊరేగింపులుంటాయి, ఆరోజుకి లోఫోటెన్‌లోని స్వోల్వేర్ ఊళ్ళో ఉండాలి.

అక్కణ్ణుంచి ఓడ. దక్షిణాన బెర్గెన్ నుంచి ఉత్తరాన కిర్కెనెస్ దాకా తీరం వెంట రేవు రేవుకీ ఆగుతా పోయే ఓడలున్నాయి, ఈ సర్వీసు మొదలైంది 1893లో, పోను రాను మొత్తం ఎక్కితే 12 రోజులు, 34 రేవులు. మొత్తం ఎక్కాల్సిన పనిలేదు, బస్సుకి తీసుకున్నట్టు ఈ రేవు నుంచి ఆ రేవుకి టికెట్ తీసుకోవచ్చు. స్వోల్వేర్‌లో రాత్రి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి ట్రోమ్సో, ఆ పక్క రోజు పొద్దున హోనింగ్స్‌వోగ్, అక్కణ్ణుంచి నార్త్ కేప్‌కి రోడ్డు. 307 మీటర్ల కొండ అంచు, కింద సముద్రం. లోఫోటెన్‌లో అర్ధరాత్రి సూర్యుడు మే చివరికి గానీ రాడు, నార్త్ కేప్‌లో మాత్రం మే 14 నుంచే అస్తమించడు, జూలై 29 దాకా. రాత్రి పూట చుక్కల్ని చూసి దారి పట్టే నాయన "అయితే వేగుచుక్క కూడా కనపడదా?" అన్నాడు. కనపడదు. ఆయన అక్కడ నిలబడి ఏమంటాడో వినాలని ఉంది నాకు.

ఇక్కడ రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే టైములో అక్కడ పగలు 10 డిగ్రీలు వస్తే గొప్ప, కొండల మీద మంచు అట్టానే ఉంటది, గాలి అదనం. అమ్మ చీరే కడతానంటుంది, కట్టుకోనీ, లోపల ఉన్ని థర్మల్స్, పైన గాలీ వానా దూరని కోటు ఉంటే చాలు. తిండికి నార్వే చాలా ఖరీదు, అందుకే హోటల్ కాకుండా రోర్బు తీసుకుంటున్నాం, పూర్వం వేటకొచ్చిన వాళ్ళు ఉండే ఎర్ర చెక్క ఇళ్ళు, ఇప్పుడు అద్దెకిస్తున్నారు, వంటగది ఉంటది. బియ్యం, చింతపండు, కారం తీసుకెళ్తాం, కాడ్ అక్కడే కొని పులుసు పెట్టుకుంటాం. నెయ్యి, చికెన్ పచ్చడి మాత్రం పెట్టొద్దు, పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ మన దేశం నుంచి తీసుకుపోనివ్వరు.

ఇంకా ఉత్తరాన ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్ కూడా కలుపుదామని తమ్ముడు అన్నాడు గానీ అది షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) బయట, పోయి మళ్ళీ నార్వేలోకి రావాలంటే రెండుసార్లు ప్రవేశం ఉన్న వీసా కావాలి, అమ్మానాయనల మొదటి విదేశీ ప్రయాణానికి అంత తిప్పలొద్దు. మామూలు షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ ఉండాలి. బోటు ఆదాయం నెలనెలా ఒకేలా రాదు, ఒక నెల బ్యాంకులో బాగా పడుద్ది, ఇంకో నెల ఏమీ ఉండదు, అందుకని ఐటీ రిటర్న్‌లు, బోటు రిజిస్ట్రేషన్ కాగితాలు, వేట నిషేధం తేదీలు రాసి ఒక లెటర్ అన్నీ కలిపి ఫైల్ చేస్తున్నా. నవంబర్ సగానికి అప్లై చెయ్యాలని ఉంది. అమ్మ పాస్‌పోర్ట్ వచ్చేసింది, నాయనది పోలీస్ వెరిఫికేషన్ దగ్గరుంది, ఆయన వేటలో ఉన్న రోజు రాకుండా ఉంటే చాలు.