నుదుటి మీద కాస్త జుట్టు కోసం: హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ నా అనుభవం

నాది బట్టతల కాదు. రెండు కణతల దగ్గరా జుట్టు కొంచెం వెనక్కి జరిగింది, నుదుటి మీద మధ్యలో పలచబడింది, అంతే. నేను చూపిస్తే తప్ప ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కానీ ఆఫీసు లిఫ్టులో పైనుంచి లైటు పడి అద్దంలో చూసుకుంటే నాకు అదొక్కటే కనిపించేది. ముప్పై రెండేళ్ళకే ఇలా ఉంటే నలభైకి మా నాన్నలా తయారవుతానని టెన్షన్.

ఇంట్లో మాత్రం నేరమంతా బోరు నీళ్ళ మీదకు నెట్టేశారు. హైదరాబాద్‌లో ఎవరి జుట్టు రాలినా మొదటి ముద్దాయి బోరు నీళ్ళే. ఆ నీళ్ళకు జుట్టు బిరుసెక్కుతుంది, చిట్లుతుంది, నిజమే. కానీ కణతలను మాత్రమే ఏరుకుని ఖాళీ చేసే తెలివి నీళ్ళకెక్కడిది? అది హార్మోన్ పని. టెస్టోస్టిరాన్ నుంచి డీహెచ్‌టీ అనేది తయారవుతుంది. వంశంలో ఆ గుణం ఉన్నవాళ్ళకు ముందువైపు, నడినెత్తిన ఉన్న కుదుళ్ళు దాని వల్ల ఏటికేడు సన్నబడతాయి. తల వెనక కుదుళ్ళు దానికి అంతగా లొంగవు, చోటు మార్చి ముందు పెట్టినా ఆ గుణం పోగొట్టుకోవు. ట్రాన్స్‌ప్లాంట్ మొత్తం ఈ ఒక్క ఆధారం మీదే నడుస్తుంది.

ముందు మాదాపూర్‌లో ఒక క్లినిక్‌కు వెళ్ళాను. డాక్టరు కనబడలేదు. కౌన్సిలర్ అని ఒకమ్మాయి వచ్చి, నా తలను అన్ని వైపుల నుంచీ ఫోన్‌లో ఫోటోలు తీసి, “3,000 గ్రాఫ్టులు పడతాయి సార్, ఈరోజే అడ్వాన్స్ కడితే పీఆర్‌పీ ఫ్రీ” అంది. గ్రాఫ్ట్ అంటే చోటు మార్చి నాటే ఒక కుదురు, పీఆర్‌పీ అంటే మన రక్తం నుంచే తీసి తలకు ఇచ్చే ఇంజెక్షన్. ఈఎంఐ కాగితం కూడా రెడీగా ఉంది. డాక్టరు గారితో మాట్లాడతానంటే సర్జరీ రోజు కలుస్తారట! దండం పెట్టి బయటపడ్డాను. ఈ సర్జరీ ఎవరు చేయాలన్న దాని మీద నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది చాలదని అందులో స్పష్టంగానే ఉంది. అలా రాయాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

తర్వాత హిమాయత్‌నగర్‌లో ఒక స్కిన్ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన భూతద్దం లాంటి డెర్మోస్కోప్‌తో ముందు, వెనక, నడినెత్తి చాలాసేపు చూశారు. ఈ మధ్య డెంగీ గానీ టైఫాయిడ్ గానీ వచ్చిందా, బరువు తగ్గావా అని అడిగారు. పెద్ద జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా రాలుతుంది, అది చాలావరకు దానంతటదే తిరిగి వస్తుంది, దానికి కత్తి అక్కర్లేదు. థైరాయిడ్, ఐరన్ పరీక్షలు రాశారు. అన్నీ బాగానే ఉన్నాయి. నాది వంశపారంపర్యమేనని తేలింది.

నేను సర్జరీ డేట్ అడిగితే ఆయన డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. మాత్ర, తలకు రాసుకునే 5 శాతం మినాక్సిడిల్ మందు రాసిచ్చి, ఏడాది వాడి రమ్మన్నారు. మాత్ర వల్ల కొద్దిమందికి లైంగిక కోరిక తగ్గుతుందని, మనసు దిగాలుగా అనిపించినా సరే వెంటనే ఆపి ఫోన్ చేయమని దాచకుండా చెప్పారు. ఎందుకింత ఆలస్యం అంటే ఆయన చెప్పిన లెక్క ఇది. తల వెనక జుట్టుకు పరిమితి ఉంది, అక్కడ తీసిన కుదురు మళ్ళీ మొలవదు. ఉన్నదంతా ఇప్పుడే నుదుటికి ఖర్చు పెట్టేస్తే, రేపు యాభై ఏళ్ళకు నడినెత్తి ఖాళీ అయినప్పుడు పెట్టడానికి ఏమీ మిగలదు. పైగా పెట్టిన జుట్టు ఉంటుంది, దాని వెనక సొంత జుట్టు రాలుతూ పోతుంది. ముందొక గీత, వెనక మైదానం. “అలాంటివాళ్ళు నా దగ్గరకు బాగానే వస్తుంటారు బాబూ” అన్నారు.

మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలింది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే సీసా చెత్తబుట్టలో పడేది. ఏడాది తిరిగేసరికి నడినెత్తిన జుట్టు గట్టిపడింది. కణతలు మాత్రం ఉన్నట్టే ఉన్నాయి. అప్పుడు డాక్టరు గారు సర్జరీకి సరే అన్నారు. వెయ్యి గ్రాఫ్టుల లోపే చాలన్నారు. అంటే మాదాపూర్‌లో చెప్పినదాంట్లో మూడో వంతు. గ్రాఫ్ట్ అంటే ఒక వెంట్రుక అనుకోవద్దు. దాంట్లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకల దాకా ఉంటాయి. ఖర్చు అడిగేటప్పుడు జీఎస్టీ కలిపా, కలపకుండానా అని కూడా అడగండి. మామూలు వైద్యానికి జీఎస్టీ లేదు గానీ, అందం కోసం చేయించుకునే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు ఆ మినహాయింపు వర్తించదు. ఇన్సూరెన్స్ సంగతి మాట్లాడక్కర్లేదు.

సర్జరీ రోజు గుండీల చొక్కా వేసుకుని రమ్మన్నారు, టీషర్టయితే తిరిగి వెళ్ళేటప్పుడు తల మీదుగా తొడుక్కోలేం కాబట్టి. డాక్టరు గారు మార్కర్‌తో నుదుటి మీద గీత గీశారు. నాకు అది పైకి ఉందనిపించి, ఇంకాస్త కిందకి దించమన్నాను. స్పిరిట్ దూదితో తుడిచి మళ్ళీ అక్కడే గీశారు. “ఇరవై ఏళ్ళప్పటి గీత యాభై ఏళ్ళ మొహం మీద విగ్గులా ఉంటుంది” అన్నారు. స్కేలు పెట్టినట్టు కాకుండా వంకరటింకరగా, చిన్న చిన్న పళ్ళు తేలేలా గీశారు. అసలు జుట్టు అంచు అలాగే ఉంటుందట. ఇంటికొచ్చి మా తమ్ముడి నుదురు చూస్తే నిజమే.

నొప్పంటే మత్తు ఇంజెక్షన్లదే. తల చుట్టూ వరసగా పొడుస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. బోర్లా పడుకోబెట్టి, తల వెనక గొరిగి, మిల్లీమీటరు వెడల్పు కూడా లేని, గొట్టం లాంటి పంచ్‌తో ఒక్కో కుదురూ తీశారు. సన్నని గుయ్‌మనే శబ్దం ఎముకలో వినిపిస్తూ ఉంటుంది. మధ్యలో లేచినప్పుడు ట్రే చూపించారు. చల్లని సెలైన్‌లో తడి కట్టుగుడ్డ మీద కుదుళ్ళు వరసలుగా పరిచి ఉన్నాయి. ఒంటి వెంట్రుకవి ఒకచోట, రెండువి ఒకచోట, మూడువి ఒకచోట. ఒంటివి గీత అంచున, మిగతావి వాటి వెనక పెడతారు. సన్నని గాట్లు డాక్టరు గారే పెట్టారు, ఒక్కో గాటూ ముందుకు వాలి ఉండేలా. గ్రాఫ్టులు దించే టెక్నీషియన్ నల్గొండ వైపు కుర్రాడు. “మా పొలంలో నాట్లు కూడా ఇంత వరసగా పడవు సార్” అన్నాడు.

మూడో రోజుకు వాపు నుదుటి మీద నుంచి కళ్ళ దాకా దిగింది. అమ్మ చూసి హడలిపోయింది. అది మామూలేనట, తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే తగ్గిపోయింది. వాపు కంటే హెల్మెట్ ఇబ్బంది పెట్టింది. కొత్త కుదుళ్ళకు రాపిడి తగలకూడదు, హెల్మెట్ లేకపోతే చలానా. బండి మూలన పెట్టి నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలోనే తిరిగాను. వదులు టోపీతో సీట్లో కూర్చుంటే అందరూ నా తలే చూస్తున్నట్టు ఉండేది. నిజానికి ఎవరి ఫోన్ వాళ్ళది.

పొక్కులు రాలిపోయి తల శుభ్రపడిందని సంతోషించేలోపు పెట్టిన జుట్టంతా రాలడం మొదలైంది. కుదురు లోపలే ఉంటుంది, పైన వెంట్రుక మాత్రమే రాలుతుంది, నాలుగో నెలకు కొత్తది వస్తుంది అని ఎంత చెప్పినా, దిండు మీద చూస్తే మనసు ఊరుకోదు. డబ్బు పోసి ఇంతకుముందు కంటే పలచగా అయ్యానే అనిపించింది. సర్జరీ కంటే ఈ నెలలే కష్టం. అనుకున్న సమయానికి నూగులా మెత్తగా, వంకీలు తిరిగి వచ్చింది. ఏడాదికి మిగతా జుట్టుతో కలిసిపోయింది. మరీ ఒత్తుగా ఏం లేదు, లిఫ్టు అద్దం మాత్రం ఇప్పుడు బాధపెట్టడం లేదు.

మాత్ర కొనసాగుతోంది. మానేస్తే పెట్టిన జుట్టుకు ఏమీ కాకపోయినా, పాతది రాలుతుంది. పోయినసారి చెకప్‌కు అమ్మ కూడా వచ్చింది. వీడికి తిరుపతి మొక్కు ఒకటి బాకీ ఉంది, గుండు చేయించవచ్చా అని అడిగింది. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి పైపైనే పోతుంది, ఏడాది దాటింది కాబట్టి నిక్షేపంగా చేయించండి అన్నారు డాక్టరు గారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. వేసవి సెలవులకు టికెట్లు బుక్ అయ్యాయి.