నా పాదం నార్మల్ అని నేనే అన్నాను

మా విజయనగరం పైడితల్లమ్మ పండగలో పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను, అదే సిరిమాను, చూడ్డానికెళ్లి కాలు పాడుచేసుకున్నానంటే ఊళ్లో అందరూ అడిగేది ఒక్కటే, "అరటిపండు తొక్కావా?" అని. మాను మీదికి జనం అరటిపళ్లు విసురుతారు కదా, మూడులాంతర్ల నుంచి కోట దాకా రోడ్డంతా తొక్కుడు పళ్లే. కానీ నేను జారలేదు. కాలువ మీద రాతిపలకలు పరిచిన చోట నిలబడ్డాను. మాను దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి ఒకటే తోపు. ఎడమకాలి వేళ్లు రెండు పలకల సందులో దిగబడ్డాయి, మడమ గాల్లో ఉంది. నా వెనకున్న భారీ మనిషి సరిగ్గా ఆ మడమ మీదే పడ్డాడు. పాదం మధ్యలో టప్‌మని చప్పుడైంది. అది చెవికి కాదు, కాలికి వినిపించింది.

నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని. కంటోన్మెంట్ వైపు ఒక చిన్న సెంటర్లో చాలా ఏళ్లుగా అదే పని. అంతకుముందు మూడేళ్లు పలాసలో చేశాను. ఎన్ని పాదాలు తీసుంటానో లెక్కలేదు. అందుకే మర్నాడు పొద్దున్న ఏ డాక్టర్నీ అడగలేదు. నేనే బల్లెక్కి, మోకాలు మడిచి, పాదాన్ని క్యాసెట్ (బొమ్మ పడే ప్లేటు) మీద ఆనించాను. మా కుర్రాడు బటన్ నొక్కాడు. పైనుంచి తిన్నగా తీసేది (ఏపీ) ఒకటి, ఏటవాలుగా తీసేది (ఆబ్లిక్) ఒకటి. మానిటర్ మీద చిటికెనవేలి ఎముక, అంటే ఆ వేలి వెనక పాదంలో ఉండే పొడుగు ఎముక, దాని మొదలు చూశాను, అక్కడే ఎక్కువగా విరుగుతుంది. బాగుంది. చీలమండ గుబ్బలు రెండూ చూశాను. బాగున్నాయి. "నార్మల్‌రా" అని నేనే తీర్పు చెప్పేసుకుని క్రేప్ బ్యాండేజ్ చుట్టుకున్నాను. ఫిల్మ్ చదవడం నా పని కాదని తెలుసు. అయినా ఇన్నేళ్లు చూసిన కళ్లు కదా, పొగరు ఉంటుంది.

చీలమండ మడతపడిన ప్రతివాడికీ ఎక్స్‌రే అక్కర్లేదని కెనడాలోని ఒటావా డాక్టర్లు 1992లో కొన్ని నియమాలు పెట్టారు. ఇప్పటికీ క్యాజువాలిటీలో అవే వాడతారు. గుబ్బల వెనక అంచు మీద, కింది 6 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉందా? పాదం బయటివైపు చిటికెనవేలి ఎముక మొదట్లోగానీ, లోపలివైపు నావిక్యులర్ అనే ఎముక మీదగానీ నొప్పి ఉందా? దెబ్బ తగిలిన వెంటనేగానీ, ఆస్పత్రికి వచ్చాకగానీ నాలుగడుగులు వేయగలిగాడా? నేను నాలుగడుగులు వేయలేకపోయాను. కాబట్టి ఎక్స్‌రే తీయడం సరైనదే. ఎలా తీయాలన్నది ఆ నియమాల్లో ఉండదు, అక్కడే దెబ్బతిన్నాను.

మూడో రోజుకి అరికాలు మధ్యలో నేరేడుపండు రంగులో మచ్చ తేలింది. మా ఆవిడ చూసి, "పైన దెబ్బ తగిల్తే కింద కమలడమేటండీ?" అంది. రక్తం కిందికి దిగుతుందిలే అన్నాను. ఎక్స్‌రే మనిషికి ఎదురు చెప్పడం దేనికని ఊరుకుంది. ఇప్పుడు ఊరుకోదు, వారానికోసారి గుర్తుచేస్తుంది.

పద్దెనిమిది రోజులు అలాగే మడమ మీద నడిచాను. వాపు తగ్గింది, నొప్పి మాత్రం తగ్గలేదు. చదును నేల మీద పర్లేదు గానీ మెట్లు దిగితే పాదం మధ్యలో ఏదో విడిపోతున్నట్టుండేది. మా సెంటర్‌కి శనివారాలు విశాఖ నుంచి ఒక ఆర్థో సర్జన్ వస్తారు. నా కుంటుడు చూసి, "ఏమయ్యా, చెప్పు తీయి" అన్నారు. నేను పాదం పైవైపు చూపిస్తే, "అది కాదు, అరికాలు" అన్నారు. మచ్చ అప్పటికి పసుపచ్చగా మారింది. దాన్ని చూడగానే ఆయన మొహం మారింది. ఎడమ మునివేళ్ల మీద లేచి నిలబడమన్నారు. లేవలేకపోయాను. "ఎక్స్‌రే ఎలా తీశావు?" "బల్ల మీద కూర్చుని, సార్." "నిలబడి తీయి. రెండు పాదాలూ ఒకే ప్లేట్ మీద."

నిలబడ్డాను. ట్యూబ్‌ని మడమల వైపు 15 డిగ్రీలు వంచమని కుర్రాడికి చెప్పాను. బొమ్మ వచ్చింది. కుడిపాదంలో బొటనవేలి ఎముకకీ పక్కవేలి ఎముకకీ మొదళ్ల దగ్గర సన్నగీత. ఎడమపాదంలో అదే చోట గీత కాదు, సందు. కొలిస్తే 4 మిల్లీమీటర్లు. 2 దాటితేనే అనుమానించాలి. ఆ సందులో నూకగింజంత ఎముక ముక్క తేలుతోంది. పాత ఫిల్మ్ మళ్లీ తెరిచాను. ఆ నూకగింజ అందులోనూ ఉంది. నేనే చూడలేదు.

దీన్ని లిస్‌ఫ్రాంక్ ఇంజురీ అంటారు. లిస్‌ఫ్రాంక్ నెపోలియన్ కాలపు ఫ్రెంచి సర్జన్. పాదం కుళ్లిపోయిన వాళ్లకి సరిగ్గా ఈ కీళ్ల వరసలో కోసేసేవాడట, దాంతో ఆ చోటికి ఆయన పేరు పడింది. కథేమిటంటే, పాదానికి ఉన్న 26 ఎముకల్లో రెండో వేలి ఎముక మొదలు తక్కినవాటికంటే వెనక్కి, గాడిలో దిగినట్టు ఉంటుంది. కమానుకి నడిమిరాయి ఎలాగో పాదం వంపుకి అది అలాగ. మిగతా వేళ్ల ఎముకలు మొదళ్ల దగ్గర ఒకదానికొకటి లిగమెంట్ అనే గట్టి పట్టీతో కట్టి ఉంటాయి. బొటనవేలికీ రెండోవేలికీ మధ్య మాత్రం ఆ కట్టు లేదు. దాని బదులు పాదం లోపలివైపు, బొటనవేలి ఎముకకి వెనకున్న ఎముక నుంచి రెండోదాని మొదటికి ఐమూలగా ఒక బలమైన లిగమెంట్ ఉంటుంది. అది తెగిందా, మొత్తం వంపు వదులైపోతుంది. అయితే పడుకోబెట్టి ఫిల్మ్ తీస్తే ఎముకలు వాటి చోట్లోనే కూర్చుని ఉంటాయి. నులకమంచం కోడు వదులైతే ఖాళీ మంచాన్ని చూసి ఎవడు చెప్పగలడు? మనిషి కూర్చుంటేనే కదా కిర్రుమనేది. అయిదింట ఒకటి దాకా ఇవి మొదటిసారి దొరక్కుండా తప్పించుకుంటాయని సర్జన్ చెప్పారు. ఊరడింపుగా అన్నారేమో, నాకు మాత్రం ఊరట కలగలేదు.

సీటీ తీయించి, ఆ వారమే విశాఖలో ఆపరేషన్ చేశారు. తొలిరోజుల్లోనే వచ్చి ఉంటే వాపు దిగి పాదం మీద చర్మం ముడతలు పడేదాకా ఆగేవాళ్లు. ఉబ్బిన చర్మాన్ని కోస్తే కుట్లు అతుక్కోవు. నా విషయంలో ఆ బాధ లేదు గానీ వేరే బాధ ఉంది. సందులో అప్పటికే కండ పూడుకుపోయింది, ముందు దాన్ని గీకాలి. ఇంకా ఆలస్యం చేసుంటే ఎముకల్ని దగ్గరికి లాగడం కుదరక ఆ కీళ్లని శాశ్వతంగా అతికించేయాల్సి వచ్చేదన్నారు.

నడుముకి మత్తు ఇచ్చారు, తొడకి పట్టీ బిగించారు. మధ్యలో గుడ్డ అడ్డం కట్టారు గానీ చెవులు పనిచేస్తున్నాయి కదా. కోణాల క్లాంపుతో రెండు ఎముకల్ని ఒత్తి పట్టుకుని, సన్నతీగ దించి, సీ-ఆర్మ్ అనే తిప్పుడు ఎక్స్‌రే మెషీన్‌లో చూసి, సరిపోయాకే స్క్రూ వేస్తారు. "షాట్... కొంచెం లోపలికి తిప్పు... షాట్." సీ-ఆర్మ్ తిప్పే కుర్రాడు కొత్తవాడు, ప్రతిసారీ ఎక్కువ తిప్పేస్తున్నాడు. లేచెళ్లి నేనే సర్దుదామా అనిపించింది. వీరఘట్టం మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడుగారు కాలి ఆపరేషన్‌కి క్లోరోఫాం వద్దన్నారని మా వైపు చెప్పుకుంటారు. నేను మత్తులో ఉండి కూడా డ్రిల్లు చప్పుడికి కళ్లు మూసుకున్నాను. చివరికి ఐమూలగా ఒక స్క్రూ, రెండు కీళ్ల మీద చెరో ప్లేటు.

ఆ తర్వాత ఆరు వారాలు ఎడమకాలు నేల మీద పెట్టలేదు. మా ఇంటి గడపా, బాత్రూం మెట్టూ ఎంత ఎత్తో సెంటీమీటర్లలో చెప్పగలను. నాలుగు నెలలకి ప్లేట్లూ స్క్రూలూ తీసేశారు. డబ్బాలో వేసి ఇచ్చారు, బీరువాలో ఉన్నాయి. ఇప్పుడు చెప్పులో వంపు కింద మెత్త పెట్టుకుంటే రోజంతా నడుస్తాను. మాఘమాసం పొద్దుల్లో మాత్రం పాదం కర్రలా ఉంటుంది. ముందుముందు ఆ కీలు అరిగితే అప్పుడు అతికిద్దాం అన్నారు సర్జన్, దాపరికం లేకుండా.

డ్యూటీకి వెళ్లగానే చేసిన మొదటి పని మా వీధి వడ్రంగి చేత పెట్టె చేయించడం. పాదాన్ని పక్క నుంచి నిలబెట్టి తీయాలంటే మా మెషీన్ ట్యూబు నేలదాకా దిగదు, మనిషే పైకెక్కాలి. అడుగు ఎత్తు, ముందు ఒక చిన్న మెట్టు, పట్టుకోడానికి కమ్మీ, నడుమ 10×12 అంగుళాల క్యాసెట్ నిలువుగా దిగేలా గాడి. వడ్రంగి మొదట గాడిని బిగుతుగా చేశాడు, క్యాసెట్ ఇరుక్కుపోయింది. మళ్లీ చిత్రిక పట్టాడు. 2,300 రూపాయలు తీసుకున్నాడు. యజమాని ఇవ్వలేదు, నేనే పెట్టుకున్నాను.

అందర్నీ ఎక్కించను. ఎముక విరిగినట్టు కళ్లకే కనిపిస్తుంటే నిలబెట్టడం తప్పు. పలాసలో కొబ్బరిచెట్ల మీంచి పడి వచ్చేవాళ్ల మడమలు నుగ్గయ్యేవి. మడమ పైభాగంలో గీసే బోలర్ కోణం 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి, వాళ్లకి చదునైపోయి ఉండేది. అలాంటివాళ్లకి "నడుం కూడా తీయాలా సార్?" అని డాక్టర్ని అడగడం అక్కడే అలవాటైంది, పడిన బరువు వెన్నుదాకా ఎక్కుతుంది కాబట్టి. కానీ చీటీ మీద పాదం అని ఉండి, మనిషి కుంటుతూ వచ్చి, అరికాల్లో మచ్చ ఉంటే మాత్రం డాక్టర్‌కి ఫోన్ చేసి పెట్టెని ముందుకి లాగుతాను. నిలబడలేనంత నొప్పి ఉంటే వారం, పది రోజులు ఆగి మళ్లీ రమ్మంటారు.

మొన్న ఆటో దిగుతూ కాలు మడతపెట్టుకున్న ముసలామె వచ్చింది, నెల్లిమర్ల వైపు మనిషి. పెట్టె చూసి మొండికేసింది. "నొప్పి బావూ అంటే ఇదెక్కమంతావేటి?" నా చెప్పు తీసి రెండు కుట్ల గీతలు చూపించాను. వంగి వేలితో తడిమి చూసింది. "నీకెవులు తీసినారు ఫొటో?" "నేనే తీసుకున్నానమ్మా, కూర్చుని." నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. కమ్మీ పట్టుకుని ఎక్కింది.

రెండు పాదాల్లోనూ సందు ఒకేలా ఉంది. దిగేటప్పుడు పెట్టె అంచుని చేత్తో తట్టి, "మంచి సెక్కే. ఎంతకి సేయించినావు?" అంది.