చెక్క భజన ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు

అనంతపురం పల్లెల్లో పగలంతా శనక్కాయ చేలో పని చేసి, రాత్రి గుడి ముందర చేత చెక్కలు మోగిస్తూ, పాడుతూ చెక్క భజన ఆడేవాళ్ల పాటలు ఎన్నో నోటిమీదే ఉన్నాయి. చేతిలో ఫోనుంటే పట్టి పెట్టండి.

రికార్డింగ్ చెడేది చెక్కల మోత దగ్గరే. చెక్కలకున్న లోహపు బిళ్లలు గల్లుమన్నప్పుడు మైకు తట్టుకోలేక శబ్దం పగులుతుంది, ఆ పగులు మళ్లీ అతకదు. అందుకే ఒక ఫోను ఆడేవాళ్లకు 12 అడుగుల దూరంలో, ఇంకోటి పాట ఎత్తుకునే గురువుకు 2 అడుగుల్లో పెట్టాలి. రెండూ ఆన్ చేసి ఒక్క చప్పట్టు కొడితే తర్వాత ఆ చప్పుడు చూసి రెండు రికార్డింగులూ జత కలపడం సులువు. ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి.

రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో పెట్టుకోవాల్సింది వేవ్ (WAV) ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో: ఫైలు నిమిషానికి దాదాపు 6 ఎంబీ. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పంపండి. నాయిస్ తీసే యాప్ జోలికి పోవద్దు, పనిచేసొచ్చిన గొంతులోని జీర కూడా పోతుంది. నాకైతే పాటంటే ఆ జీరే.

చివర్లో వాళ్ల పేరు, ఊరు వాళ్ల నోటితోనే చెప్పించండి.